కమిషన్ మెంబరు కావడానికి ఏ కోర్సూ లేదమ్మా

ప్రశ్న: మా అమ్మాయిది డిగ్రీ చివరి ఏడాది. ఎప్పటికైనా రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో మెంబరుగా చూడాలని మా ఆశ. పబ్లిక్ పాలసీలో పీజీ చేయించాలా, లా చదివించాలా? ఇప్పుడు తప్పటడుగు వేస్తామేమోనని భయంగా ఉంది.

జవాబు: భయపడకండమ్మా. ఇప్పుడు ఏ కోర్సులో చేరినా ఆ తలుపు మూసుకుపోదు. ఏ కోర్సూ దాన్ని తెరవదు కూడా.

మెంబరు పదవికి పోటీ పరీక్ష లేదు. రాజ్యాంగం 316వ అధికరణం ప్రకారం గవర్నర్ నియమిస్తారు. సభ్యుల్లో దాదాపు సగం మందికి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ కొలువులో కనీసం 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. మిగతావారికి రాజ్యాంగం ఫలానా డిగ్రీ కావాలని చెప్పలేదు. మరి పబ్లిక్ పాలసీ పీజీ ఈ లెక్కలో ఎక్కడ పనికొస్తుంది? ఆ సబ్జెక్టు మీద ఇష్టం ఉంటే చదవనివ్వండి. పదవికి మెట్టు అనుకుని లక్షలు పోయకండి. చేరేముందు, అది చదివినవాళ్లు ఏ ఉద్యోగాల్లో, ఎంత జీతానికి చేరారో కాగితం మీద చూపించమనండి.

చిన్న వయసులో ఈ పదవి రావడం మేలు కూడా కాదు. పదవీకాలం 6 ఏళ్లు, లేదా 62 నిండేవరకు, ఏది ముందైతే అది. అదే పదవిలో రెండోసారి వేయరు. 319వ అధికరణం వల్ల ఆ తర్వాత యూపీఎస్సీలో సభ్యత్వం, ఛైర్మన్ పదవి, లేదా ఏదైనా రాష్ట్ర కమిషన్ ఛైర్మన్ పదవి తప్ప మరో ప్రభుత్వ ఉద్యోగం చేయడానికి వీల్లేదు. 26కి గ్రూప్‌-1లో చేరితే 36కి పదేళ్లు నిండుతాయి. అప్పుడే మెంబరైతే 42కి ఇంట్లో కూర్చోవాలి. సర్వీసు చివర్లో వస్తేనే దానికి అందం.

లా వేరే దారి. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌లో ఒక సభ్యుడు హైకోర్టు జడ్జి గానీ, జిల్లా జడ్జిగా 7 ఏళ్లు చేసినవారు గానీ అయి ఉండాలి. సమాచార కమిషన్‌లో న్యాయం, జర్నలిజం, సామాజిక సేవ వంటి రంగాల్లో పేరున్నవారిని ముఖ్యమంత్రి అధ్యక్షతన, ప్రతిపక్ష నేత కూడా ఉండే కమిటీ సిఫార్సు చేస్తుంది.

మీ ఉత్తరంలో అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. ముప్పై ఏళ్ల తర్వాతి కుర్చీ కోసం ఇరవై ఏళ్ల పిల్ల మీద బరువు పెట్టడం తప్పమ్మా. ఈ పూట ఆమెను కూర్చోబెట్టుకుని అడగండి. గ్రూప్స్ అంటుందో, కోర్టు అంటుందో, రెండూ వద్దంటుందో, పూర్తిగా చెప్పనివ్వండి.