పెళ్లి మీద గ్రీన్ కార్డు దరఖాస్తు: ఒరిజినల్స్ పోస్టులో పంపాలా?

ప్రశ్న: నేను హెచ్-1బీ మీద టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఏడాది క్రితం గుంటూరులో మా పెళ్లయింది. మా ఆయన అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. ఇప్పుడు ఆయన నా కోసం వేసే పిటిషన్ ఐ-130, నా గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485 కలిపి పంపబోతున్నాం. ఒరిజినల్స్ పెడితే కేసు గట్టిగా ఉంటుందని, జిరాక్సులు పెడితే అనుమానిస్తారని తెలిసినవాళ్లు చెబుతున్నారు. మా మ్యారేజ్ సర్టిఫికెట్ ఒరిజినల్ అమ్మ దగ్గర గుంటూరులో ఉంది. అది వచ్చేదాకా ఆగాలా? ఏ సర్వీసులో పంపాలి? దారిలో పోతే ఏం చేయాలి? మా ఆయన తన నేచురలైజేషన్ సర్టిఫికెట్ (పౌరసత్వం వచ్చినప్పుడు ఇచ్చే పత్రం) ఇప్పటికే కవర్లో పెట్టేశారు. మిగతా కాగితాలన్నీ, నా పాస్‌పోర్ట్‌తో సహా, తన ఆఫీసు లాకర్లో ఉంచుదామంటున్నారు.

జవాబు: ముందు ఆ కవర్ తెరిచి మీ ఆయన సర్టిఫికెట్ బయటికి తీయండి. మిగతావి తర్వాత చూద్దాం.

ఐ-130 ఫారంతో వచ్చే సూచనల్లోనే ఈ సంగతి స్పష్టంగా రాసి ఉంది. ఒరిజినలే కావాలని ప్రత్యేకంగా అడిగితే తప్ప, చదవడానికి వీలైన జిరాక్స్ కాపీ పంపితే చాలు. అడగకుండా పంపిన ఒరిజినల్‌ని అందుకున్న వెంటనే నాశనం చేసే అవకాశం ఉందని కూడా అక్కడే హెచ్చరించారు. ఈ దరఖాస్తులు చూసే అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ తానే ఒరిజినల్ అడిగి తెప్పించుకుంటే, పని అయ్యాక తిరిగి ఇస్తుంది. మనంతట మనం పంపినదానికి అలాంటి భరోసా లేదు. కాబట్టి ఒరిజినల్ పెడితే కేసు బలపడుతుందన్న మాటలో నిజం లేదు. ఆఫీసరు ఒరిజినల్ చూసేది ఇంటర్వ్యూలో, మీ చేతి నుంచి తీసుకుని, మీ కళ్ల ముందే. చూసి మళ్లీ మీ చేతికే ఇస్తారు.

జిరాక్సులు అనుమానం తెస్తాయన్న భయం మనకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన ఊళ్లో ఏ దరఖాస్తుకైనా గెజిటెడ్ ఆఫీసరు సంతకమో, నోటరీ ముద్రో ఉంటేనే కాపీకి విలువ. యూఎస్‌సీఐఎస్‌కి ఇవేవీ అక్కర్లేదు. మామూలు జిరాక్స్ చాలు. కాకపోతే రెండు వైపులా తీయండి. మన సర్టిఫికెట్ల వెనక పక్క రిజిస్ట్రార్ ముద్రో, జారీ చేసిన తేదీయో ఉంటుంది. ముందు పక్క ఒక్కటే పంపితే, మిగతాది అడుగుతూ నోటీసు వస్తే నెలలు వృథా.

నేచురలైజేషన్ సర్టిఫికెట్ సంగతికి వద్దాం. మీ ఆయన ఒరిజినల్‌ని కవర్లో పెట్టడానికి కారణం బహుశా దాని మీద ఉన్న హెచ్చరికే అయి ఉంటుంది. చట్టబద్ధమైన అధికారం లేకుండా దాన్ని కాపీ చేస్తే శిక్షార్హమని అందులో అచ్చు వేసి ఉంటుంది. అది చదివి చాలామంది జిరాక్స్ తీయడానికే జంకుతారు. కానీ ఇమ్మిగ్రేషన్ దరఖాస్తుకి జత చేయడం చట్టబద్ధమైన అవసరమే. పౌరసత్వ రుజువుగా దాని కాపీ ఇవ్వమని ఐ-130 సూచనలే చెబుతున్నాయి. దాన్ని కదపడం ఇష్టం లేకపోతే, చెల్లుబాటులో ఉన్న అమెరికా పాస్‌పోర్ట్ కాపీ కూడా రుజువుగా సరిపోతుంది. ఒరిజినల్ పోతే ఎన్-565 ఫారం వేసి కొత్తది తెచ్చుకోవాలి. 2024 ఏప్రిల్ ఫీజుల ప్రకారం దానికి కాగితం మీద 555 డాలర్లు, ఆన్‌లైన్‌లో 505 డాలర్లు. అది చేతికొచ్చేసరికి నెలలు పడుతుంది.

మీ పాస్‌పోర్ట్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మీరు ఈ దేశంలోకి చట్టబద్ధంగా వచ్చారని చెప్పే వీసా స్టాంపు, ప్రవేశ ముద్ర అందులోనే ఉన్నాయి. ఇక్కడి నుంచే గ్రీన్ కార్డు అడిగేవాళ్లకు ఆ రుజువు ప్రాణం లాంటిది. ఫొటో ఉన్న పేజీ, వీసా పేజీ, ముద్ర ఉన్న పేజీల కాపీలు పెట్టండి. మీ ప్రవేశ రికార్డు ఐ-94ను కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వెబ్‌సైట్ నుంచి ప్రింట్ తీసుకోండి. హెచ్-1బీ ఆమోదపు నోటీసు ఐ-797కీ కాపీయే.

గుంటూరు నుంచి సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. అమ్మ చేత రెండు వైపులా రంగుల్లో స్కాన్ చేయించి తెప్పించుకుని, ప్రింట్ తీసి జత చేయండి. ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటో వద్దు. ముద్రలు, సంతకాలు, వాల్యూమ్ నంబర్లు కనబడాలి. ఒరిజినల్ మీకు కావలసింది ఇంటర్వ్యూ నాటికి. ఈలోగా అటు నుంచి వచ్చే దగ్గరి బంధువు చేతి సామానులో తీసుకురావడం అన్నిటికన్నా మేలు. అమ్మను ఇంకో పని అడగండి. పెళ్లి నమోదైన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మరో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టించండి. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ ఉంటే, ఏది పోయినా కేసు ఆగదు. తెచ్చేవాళ్లు చెడిపోకుండా ఉంటుందని లామినేషన్ చేయించబోతారు, వద్దని ముందే చెప్పండి. ఉబ్బెత్తు ముద్ర చేతికి తగలాలి, లామినేషన్ ఒకసారి వేశాక కాగితం పాడవకుండా తీయలేరు.

ఒరిజినల్ తెచ్చుకోవడానికి మీరే వెళ్లొద్దామనుకుంటే ఒక మాట. ఐ-485 వేశాక అడ్వాన్స్ పెరోల్ (వెళ్లి తిరిగి రావడానికి ముందుగా తీసుకునే అనుమతి) లేకుండా దేశం దాటితే, దరఖాస్తు వదిలేసుకున్నట్టే లెక్క. హెచ్-1బీ వాళ్లకు దీని నుంచి మినహాయింపు ఉంది. అయితే చెల్లే హెచ్ వీసా మీదే తిరిగి రావాలి, అదే యజమాని దగ్గర కొనసాగాలి. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ఇది చదివే విద్యార్థులు ఎవరైనా ఉంటే, ఒక సర్టిఫికెట్ కోసం విమానం ఎక్కకండి.

మీ మ్యారేజ్ సర్టిఫికెట్లో తెలుగు ఉంటే మొత్తానికీ ఇంగ్లీషు అనువాదం జత చేయాలి. అనువాదం పూర్తిగా, సరిగా ఉందనీ, రెండు భాషలూ తనకు వచ్చుననీ అనువాదకుడు రాసి సంతకం పెట్టాలి. నోటరీ అవసరం లేదు, ఏజెన్సీయే చేయాలన్న నిబంధనా లేదు. తెలుగు, ఇంగ్లీషు బాగా వచ్చిన స్నేహితురాలు చేసినా సరే. మీరిద్దరూ మాత్రం చేయకండి. మీ కేసుకు మీరే సాక్షులైనట్టు ఉంటుంది.

ఇక ఒరిజినల్‌గానే వెళ్లాల్సినవి ఏమిటి? చాలా తక్కువ. ముఖ్యమైనది సివిల్ సర్జన్ (యూఎస్‌సీఐఎస్ గుర్తించిన డాక్టరు) సీలు వేసి ఇచ్చే ఐ-693 వైద్య పరీక్ష కవర్. దాన్ని తెరవకుండా అలాగే పంపాలి, తెరిస్తే చెల్లదు. 2024 డిసెంబర్ 2 నుంచి దీన్ని ఐ-485తో పాటే పెట్టాలన్న నియమం వచ్చింది. తర్వాత ఇస్తామంటే దరఖాస్తునే తిప్పి పంపవచ్చు. డాక్టరు దగ్గరే మీ కోసం ఒక కాపీ అడిగి తీసుకోండి. ఈ ప్యాకెట్ మొత్తంలో మీ కంటికి కనబడకుండా వెళ్లే కాగితం అదొక్కటే. ఫారం సూచనలు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు అడిగితే అవి కూడా అసలువే వెళ్తాయి. సంతకాల విషయంలో మాత్రం వెసులుబాటు ఉంది. పెన్నుతో పెట్టిన సంతకాన్ని స్కాన్ చేసిన ప్రతిని కూడా యూఎస్‌సీఐఎస్ అంగీకరిస్తుంది. అందుకే సంతకాలు పెట్టిన అసలు ఫారాలు మీ దగ్గరే ఉంచుకుని, వాటి ప్రతులు పంపినా చెల్లుతుంది.

ప్యాకెట్ కట్టేటప్పుడు, దాన్ని విప్పేవాళ్లు చేసే పని స్కానింగ్ అని గుర్తుపెట్టుకోండి. మీ కవర్ వెళ్లేది లాక్‌బాక్స్ అనే కేంద్రానికి. అక్కడ కాగితాలు యంత్రంలోకి వెళ్తాయి. స్టేపుల్స్, క్లిప్పులు, రంధ్రాలు, బైండింగ్, ప్లాస్టిక్ కవర్లు వద్దు. కాగితానికి ఒక వైపే ప్రింట్ చేయండి, సర్టిఫికెట్ వెనక పక్క వేరే కాగితం మీద రావాలి. పెళ్లి ఆల్బమ్ పంపకండి. ముహూర్తం ఫొటోలు, రిసెప్షన్ ఫొటోలు కొన్ని ఎంచుకుని, లెటర్ సైజు కాగితం మీద ప్రింట్ తీసి, కింద తేదీ, చోటు, పక్కనున్నవాళ్లతో బంధుత్వం రాయండి. పెన్ డ్రైవ్‌లు పెట్టకండి. అన్నిటికన్నా పైన జి-1145 ఫారం ఉంచండి. దరఖాస్తు అంగీకరించగానే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది.

ప్యాకెట్లు దారిలో పోవడం కన్నా లాక్‌బాక్స్ నుంచి తిరిగి రావడమే ఎక్కువ. సంతకం మర్చిపోవడం, పాత ఎడిషన్ ఫారం వాడటం, ఫీజు తప్పడం, ఇవే కారణాలు. తిరిగొచ్చిన దరఖాస్తుకి మొదట అందిన తేదీ దక్కదు. హెచ్-1బీ గడువు దగ్గర పడినవాళ్లకు ఇది చిన్న నష్టం కాదు. ఫారం అడుగున ఎడిషన్ తేదీ ఉంటుంది. ప్రతి పేజీ మీదా ఒకే తేదీ ఉందో లేదో చూడండి. ఐ-130కి కాగితం మీద 675 డాలర్లు, ఐ-485కి 1,440 డాలర్లు 2024 ఏప్రిల్ నుంచి ఉన్న ఫీజు. పంపే రోజున ఫీజు పేజీ మళ్లీ తెరిచి చూడండి. రెండిటికీ విడివిడిగా కట్టండి. 2025 అక్టోబర్ 28 నుంచి మినహాయింపు ఉన్నవాళ్ల దగ్గర తప్ప చెక్కులు, మనీ ఆర్డర్లు తీసుకోవడం లేదు. కార్డుకైతే జి-1450, బ్యాంకు ఖాతా నుంచైతే జి-1650 జత చేయాలి.

ఏ సర్వీసు అని అడిగారు. అమెరికా పోస్టు (యూఎస్‌పీఎస్) అయినా, ఫెడెక్స్ అయినా, యూపీఎస్ అయినా ట్రాకింగ్ ఉంటే చాలు. అసలు చిక్కు అడ్రసులో ఉంది. ఒకే లాక్‌బాక్స్‌కి పోస్టు కోసం ఒక అడ్రసు, కొరియర్ల కోసం మరొకటి ఉంటాయి. పోస్టు బాక్స్ నంబరున్న అడ్రసుకి కొరియర్ వాళ్లు డెలివరీ చేయలేరు. మీరుండే రాష్ట్రాన్ని బట్టి, కలిపి వేస్తున్న ఫారాలను బట్టి కూడా అడ్రసు మారుతుంది. స్నేహితులు పోయినేడు పంపిన అడ్రసు వాడకండి. యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో ఐ-485 అడ్రసుల పేజీని పంపే రోజునే ప్రింట్ తీసి, ఆ ప్రింట్‌ని మీ ఫైల్లో ఉంచండి.

కవర్ అంటించే ముందు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అదే వరుసలో స్కాన్ చేయండి. ఇంటర్వ్యూలో ఆఫీసరు అడిగే ప్రశ్నలు మీరు రాసిన జవాబుల మీదే ఉంటాయి. ఏం రాశారో మీ దగ్గర లేకపోతే ఇబ్బంది. ప్యాకెట్ దారిలో పోయినా ఆ స్కాన్ ఉంటే మళ్లీ ప్రింట్ తీసి పంపడం ఒక పూట పని. ఒరిజినల్స్ అందులో లేవు కాబట్టి కేసుకి నష్టం ఉండదు. కాకపోతే అందులో మీ సోషల్ సెక్యూరిటీ నంబర్లు, పన్ను కాగితాలు, కార్డు నంబరు ఉంటాయి. ట్రాకింగ్ ఆగిపోయి, పోస్టాఫీసు కూడా దొరకలేదంటే కార్డు మార్పించండి. మీ పేరున మరొకరు అప్పు తీసుకోకుండా, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ సంస్థల్లోనూ ఇద్దరి పేరా క్రెడిట్ ఫ్రీజ్ పెట్టండి. 2018 నుంచి అది ఉచితం.

అటు నుంచి వచ్చే ఉత్తరాలూ అంతే ముఖ్యం. అపార్ట్‌మెంట్‌లో ఉంటే మెయిల్‌బాక్స్ మీద మీ పేరు కూడా రాయించండి. పెళ్లయి కొత్తగా వచ్చిన భార్య పేరు బాక్స్ మీద లేక, ఆ ఉత్తరాలు వెనక్కి పోతుంటాయి. యూఎస్‌పీఎస్ ఇన్ఫార్మ్డ్ డెలివరీలో చేరితే రోజూ వచ్చే కవర్ల బొమ్మలు మెయిల్‌లో కనబడతాయి. ఇల్లు మారితే 10 రోజుల్లోగా ఏఆర్-11 ఫారం ద్వారా యూఎస్‌సీఐఎస్‌కి చెప్పాలి, పోస్టాఫీసుకి చెప్పడం సరిపోదు. అదనపు సాక్ష్యం కోరుతూ నోటీసు వస్తే, అందులో రాసిన తేదీకల్లా మీ జవాబు వాళ్లకు చేరాలి. ఆ తేదీన పోస్టు చేశామంటే కుదరదు. ఆ నోటీసు అసలు ప్రతిని జవాబు మీద పెట్టి పంపాలి. ఇది మాత్రం ఒరిజినలే.

ఇప్పటికే ఒరిజినల్స్ పంపేసిన పాఠకులు జి-884 ఫారంతో తిరిగి ఇవ్వమని అడగవచ్చు. దానికి ఫీజు లేదు. అయితే దాని మీదే ఆశ పెట్టుకోకుండా, అదే వారంలో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి.

చివరిగా లాకరు. గ్రీన్ కార్డు వచ్చే రోజుకి మీ పెళ్లయి రెండేళ్లు నిండకపోతే, మీకు రెండేళ్ల షరతుల కార్డు ఇస్తారు. దాని గడువు ముగిసే ముందు 90 రోజుల్లో షరతులు తీసేయమని ఐ-751 వేయాలి. ఆ తర్వాత పౌరసత్వానికి ఎన్-400. ప్రతిసారీ ఈ కాగితాలే మళ్లీ కావాలి. మీ పాస్‌పోర్ట్, జనన ధ్రువపత్రం, చదువు సర్టిఫికెట్లు మరొకరి ఆఫీసు లాకర్లో ఉండటం నాకు సమ్మతం కాదు. మీ ఆయన మీద అనుమానంతో అనడం లేదు. ఆయన ఊళ్లో లేనిరోజు ఇంటర్వ్యూ పిలుపు వచ్చినా, అత్యవసరంగా ప్రయాణం పడినా మీ చేతికి అందాలి. ఇంట్లోనే నిప్పుకి తట్టుకునే చిన్న పెట్టెలోనో, ఇద్దరి పేరా తీసుకున్న బ్యాంకు లాకర్లోనో పెట్టండి. స్కాన్లు మీ సొంత ఈమెయిల్లో ఉంచండి, దాని పాస్‌వర్డ్ మీది.

ఈ శీర్షిక చదివే కొందరు అక్కచెల్లెళ్ల పరిస్థితి మీలా ఉండదు. పాస్‌పోర్ట్ దాచేసి, మాట వినకపోతే పిటిషన్ వెనక్కి తీసుకుంటానని బెదిరించే భర్తలు ఉన్నారు. పాస్‌పోర్ట్ చేతిలో లేకపోతే పోలీసు రిపోర్టు ఇచ్చి, భారత కాన్సులేట్‌లో కొత్తదానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అమెరికా పౌరుడో, గ్రీన్ కార్డుదారో అయిన భర్త హింసిస్తుంటే, వావా (మహిళలపై హింస నిరోధక) చట్టం కింద ఐ-360 ఫారంతో భార్య తన పిటిషన్ తానే వేసుకోవచ్చు. దానికి అతని సంతకం అక్కర్లేదు. ఆ దరఖాస్తు వివరాలు అతనికి చెప్పకుండా చట్టం అధికారుల చేతులు కట్టేసింది. ఉత్తరాలు అతని చేతిలో పడకుండా, మీరు నమ్మే మరో అడ్రసును దరఖాస్తులో ఇచ్చుకునే వీలు కూడా ఉంది.