సర్టిఫికెట్ మీద ఆశ పెట్టుకుంటే తప్పా?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎన్నెస్సెస్‌లో (జాతీయ సేవా పథకం) చేరి ఏడాదిన్నర అయింది. పల్లెలో వారం రోజుల శిబిరానికి వెళ్లాను, రక్తదాన శిబిరాల్లో పనిచేశాను. ఎన్‌సీసీలో ఉన్న నా స్నేహితురాలు ‘‘మా ‘సి’ సర్టిఫికెట్‌కున్న విలువ మీ కాగితానికి ఎక్కడుంది?’’ అంటుంది. నాన్నేమో ‘‘ప్రతిఫలం ఆశించి చేస్తే అది సేవెలా అవుతుంది?’’ అంటారు. పీజీ సీటుకో ఉద్యోగానికో పనికొస్తుందని ఆశపడటం తప్పా మేడమ్?
– ఒక విద్యార్థిని

జవాబు: తప్పేం కాదమ్మా. నీ స్నేహితురాలి మాటలో కొంత నిజముంది. ‘సి’ సర్టిఫికెట్‌లో కనీసం ‘బి’ గ్రేడు ఉండి, మిగతా అర్హతలూ కుదిరితే సైన్యంలో ప్రత్యేక ప్రవేశానికి రాతపరీక్ష ఉండదు, ఎస్సెస్‌బీ (సైనికాధికారుల ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూ మాత్రం తప్పదు. ఎన్నెస్సెస్‌కి అంత సూటి దారి లేదు. కొన్ని విశ్వవిద్యాలయాలు పీజీ ప్రవేశాల్లో దాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. నువ్వు చేరాలనుకున్న చోటి నోటిఫికేషన్‌లో ఆ పేరా వెతుక్కో.

నాన్నగారిది పెద్ద మాటే. కానీ ఆ మాట అనడానికి ఆదివారాలు ఖాళీగా ఉండాలి.

నేను తొమ్మిదేళ్లు కాలేజీలో ఎన్నెస్సెస్ యూనిట్ చూసుకునే ప్రోగ్రామ్ ఆఫీసర్‌గా చేశాను. 1969లో, గాంధీజీ శతజయంతి ఏడాదిలో, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన పథకం ఇది. ‘నేను కాదు, నువ్వు’ అన్నది నినాదం. ఆ నినాదం పక్కనే గంటల లెక్కా ఉంది: ఏడాదికి 120 చొప్పున రెండేళ్లకు 240, దాంతోపాటు ఒక ఏడు రోజుల శిబిరం. నినాదం గోడ మీద ఉంటుంది, లెక్క మా రిజిస్టర్లో ఉంటుంది.

మా యూనిట్లో ఒక కుర్రాడుండేవాడు. ఆదివారాలు పెళ్లిళ్లలో వడ్డనకు పోయేవాడు. ఆ డబ్బుతోనే పరీక్ష ఫీజు కట్టుకునేవాడు. ఒక వానాకాలం దత్తత గ్రామంలో బడి చుట్టూ అరవై మొక్కలు నాటాం. ఫొటోలు దిగాం, బ్యానరు చుట్టుకుని వచ్చేశాం. వేసవి దాటాక వెళ్లి చూస్తే బోరింగు పక్కన తొమ్మిది కానుగ మొక్కలు మాత్రం పచ్చగా ఉన్నాయి, చుట్టూ కంప కట్టి. ఎవరి పనని బడి ఆయమ్మనడిగితే, ‘‘మీ వడ్డన పిల్లగాడే. పక్కూరేగా, పొద్దున్నే వచ్చి బిందెలతో పోసి పోతాడు’’ అంది.

ఆ పొద్దులేవీ రిజిస్టర్లోకి ఎక్కలేదు. అందులో అతనికి ఉన్నవి 190 గంటలే, సర్టిఫికెట్ రాలేదు. ప్రతి ఫొటోలోనూ బ్యానరు కొస పట్టుకుని నిలబడ్డవాడికి 240 నిండాయి. రెండు జాబితాల కిందా సంతకం నాదే. రాయించుకోమని నేను చెప్పలేదు, అడగాలని వాడికి తోచలేదు. మొక్కల సంగతి నాకు తెలిసేసరికి జాబితాలు వెళ్లిపోయాయి.

అందుకే ప్రతిఫలం ఇవ్వడం మీద నాకు పేచీ లేదు, దేన్ని చూసి ఇస్తున్నామన్న దగ్గరే. ఇంకోటి, నన్నడిగితే మార్కులకన్నా ముందు బస్సు చార్జీలివ్వాలి. లేకపోతే ఇంట్లో జరుగుబాటున్న పిల్లలకే సేవ చేసే వీలూ, దాని లాభమూ దక్కుతాయి.

నీ సంగతికొస్తే, చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకో. తేదీ, చోటు, నువ్వు చేసిన పని, చూసినవాళ్లెవరు అన్నవి రాసి, నెలకోసారి మీ ప్రోగ్రామ్ ఆఫీసర్‌తో పొట్టి సంతకం పెట్టించుకో. రేపు ఇంటర్వ్యూలో ‘సమాజ సేవ చేశానండి’ అంటే ఎదుటివాళ్లు తలూపి ఊరుకుంటారు. రక్తదాన శిబిరంలో నువ్వేం చేశావు? పేర్లు రాశావా, సూది చూసి లేచిపోబోయినవాణ్ణి మాటల్లో పెట్టి కూర్చోబెట్టావా? అది చెప్పు.

ఇంకా ఆర్నెల్లుంది కదా. రిజిస్టర్లో నీ పేరు మీద ఎన్ని గంటలున్నాయో ఈ వారమే చూసుకో. తేడా కనిపిస్తే మొహమాటపడకుండా అడుగు. మేం మరిచిపోతుంటాం.