సబ్బు నీళ్ల మీద పరిశోధనకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె, కొబ్బరి సాగు. మా అమ్మాయి డిగ్రీ బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) ఆఖరి సంవత్సరంలో ఉంది. ఎమ్మెస్సీలో ఫిజికల్ కెమిస్ట్రీ తీసుకుని మిసెల్స్ మీద పరిశోధన చేస్తానంటోంది. ఆర్గానిక్ చదివితేనే ఫార్మాలో ఉద్యోగమని బంధువులు అంటున్నారు. సబ్బు నీళ్ల మీద చదువుకు భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: ఉంటుందండీ. సబ్జెక్టు విషయంలో నాకు సందేహం లేదు. మీ అమ్మాయి గణితం విషయంలోనే ఆలోచించాలి. దానికి ముందు ఆమె మనసు పడినది ఏమిటో మీకు చెప్పాలి.

కొబ్బరి నూనెలో దాదాపు సగం ఉండే లారిక్ ఆమ్లం నుంచి లారిల్ ఆల్కహాల్‌ను, దాని నుంచి షాంపూలలోనూ టూత్‌పేస్టులలోనూ వాడే సోడియం లారిల్ సల్ఫేట్‌ను తయారు చేస్తారు. ఈ అణువు తల నీటిలో కలుస్తుంది, తోక నీటికి దూరం జరుగుతుంది. శుద్ధమైన పదార్థాన్ని 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 2.3 గ్రాములకు మించి కలిపితే, అణువులు ఇంచుమించు అరవయ్యేసి చొప్పున, తోకలు లోపలికీ తలలు బయటికీ ఉండేలా గుండ్రంగా గుమిగూడతాయి. ఆ గుంపే మిసెల్.

ఇప్పుడొక పరీక్షనాళికను ఊహించుకోండి. క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు ద్రావణంలో సోడియం హైడ్రాక్సైడ్ కలిపితే రంగు మెల్లగా వెలిసిపోతుంది. అందులో సీటాబ్ అనే, ధనావేశపు తలలున్న మరో సబ్బులాంటి పదార్థపు మిసెల్స్ ఉంటే, రంగు అణువు వచ్చి మిసెల్‌ను అంటుకుంటుంది, హైడ్రాక్సైడ్ అయాన్లూ ధనావేశానికి లోబడి అక్కడికే చేరతాయి, రెండూ ఒకచోట కలిసినందువల్ల రంగు త్వరగా పోతుంది. ఋణావేశపు లారిల్ సల్ఫేట్ మిసెల్స్ మాత్రం రంగును పట్టి ఉంచి హైడ్రాక్సైడ్‌ను దగ్గరికి రానీయవు కనుక ఊదా రంగు చాలాసేపు నిలుస్తుంది. సీటాబ్‌ను పెంచుతూ పోతే వేగం ఒక గరిష్ఠ స్థాయికి చేరి, ఆ తరువాత తగ్గుతుంది. ఎందుకంటే రంగు అణువులు ఎన్నో మిసెల్స్ మధ్య చెదిరి పలచబడతాయి, సీటాబ్‌తో పాటే వచ్చే బ్రోమైడ్ అయాన్లు మిసెల్ ఉపరితలం మీద హైడ్రాక్సైడ్ చోటును ఆక్రమిస్తాయి. ఈ వంపును గీసి, కారణం చెప్పగలిగిన విద్యార్థిని నేను ఎంతో గౌరవిస్తాను.

ముందుకూ వెనక్కీ నడిచే చర్యల సమతాస్థితులు కూడా ఇలాగే కదులుతాయి. బలహీన ఆమ్లం ధనావేశపు మిసెల్ దగ్గర ఎక్కువగా, ఋణావేశపు మిసెల్ దగ్గర తక్కువగా అయాన్లుగా విడిపోతుందనే సూత్రాన్ని ఇండికేటర్ రంగుల మార్పుల ఆధారంగా హార్ట్లీ అనే శాస్త్రవేత్త 1934లోనే వివరించారు. మందులు, పురుగుమందులు, రంగుల ఫార్ములేషన్లలో పనిచేసేవారికి ఈ జ్ఞానం రోజూ అవసరమవుతుంది.

ఆర్గానిక్‌కూ దీనికీ మధ్య గోడ ఉందన్న మీ బంధువుల అభిప్రాయంతో నేను ఏకీభవించను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా బార్బరా ప్రాంగణంలో బ్రూస్ లిప్‌షట్జ్ బృందం విటమిన్ ఈ ఆధారంగా సర్ఫాక్టెంట్లను (సబ్బులా మిసెల్స్ కట్టే పదార్థాలను) రూపొందించి, సాధారణంగా ఆర్గానిక్ ద్రావణులలో చేసే సుజుకి కప్లింగ్ (రెండు అణుభాగాలను కార్బన్ల దగ్గర జోడించే చర్య) వంటి చర్యలను గది ఉష్ణోగ్రత వద్ద నీటిలోనే జరిపింది.

ఇక గణితం. బీజడ్‌సీ పిల్లలకు కాలిక్యులస్, లాగరిథమ్‌లు అలవాటు తప్పి ఉంటాయి, చర్య ఎంత వేగంగా జరుగుతుందో చెప్పే వేగ స్థిరాంకాల పని అంతా వాటి మీదే నడుస్తుంది. ఇంటర్ స్థాయి కాలిక్యులస్‌ను ఇప్పటి నుంచే రోజూ ఒక గంట చేయించండి. జామ్ పరీక్ష ద్వారా ఐఐటీల్లో చేరాలంటే కొన్నిచోట్ల ఇంటర్‌లోనో డిగ్రీలోనో గణితం చదివి ఉండాలన్న నిబంధన ఉంటుంది కాబట్టి, దరఖాస్తుకు ముందే ఒక్కో సంస్థ అర్హతలను చదవండి. ఏపీ పీజీసెట్ రాస్తే ఆంధ్రా విశ్వవిద్యాలయం, రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం అందుబాటులో ఉంటాయి. తరువాత సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది.

ఒక్క మాట నిష్కర్షగా చెబుతాను. ఎమ్మెస్సీ పూర్తయిన వెంటనే ఇంటికి జీతం అవసరమైతే ఆర్గానిక్ తీసుకుని, ప్రాజెక్టును మిసెల్స్ మీద చేయించడం మేలు, ఎందుకంటే ఫిజికల్‌లో మంచి అవకాశాలు ఎక్కువగా పీహెచ్‌డీ తరువాతే వస్తాయి. నాలుగైదేళ్లు ఆగగలిగితే ఆమె కోరుకున్నదే చదవనివ్వండి.

ఈలోగా కాలేజీ లెక్చరర్‌ను అడిగి, ఆ ఊదా రంగు ప్రయోగాన్ని, రంగు గాఢతను కొలిచే కలరీమీటర్ మీద 590 నానోమీటర్ల దగ్గర రెండుసార్లు చేయమనండి. ఆ రీడింగుల పుస్తకాన్ని మీ ముందు తెరిచి ఆమె వివరిస్తుంటే దగ్గర కూర్చుని వినండి.