ఆటకి మోటార్ ఎందుకండీ?

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. పెళ్లయి 14 ఏళ్లు. మావారికి పైలట్ కావాలని చిన్నప్పటి కోరిక, కుదరలేదు. ఏడాదిగా చిన్న గదిలో కంప్యూటర్లో విమానం నడిపే ఆట కోసం విమానం స్టీరింగ్ లాంటిది తయారు చేస్తున్నారు. ఆటోనగర్ నుంచి పాత వైపర్ మోటార్లు మోసుకొస్తారు. రాత్రి ఒంటిగంటకీ గరగర చప్పుడే, మా అత్తగారికి నిద్ర లేదు. పాప ఫీజు కోసం పాడిన చీటీ డబ్బులో 38 వేలు దీనికే పెట్టారని మొన్న తెలిసింది. అడిగితే "నీకు అర్థం కాదులే" అన్నారు. ఆటకి మోటార్ ఎందుకండీ?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ "అర్థం కాదులే". అర్థమయ్యేదే, చెబుతాను.

సెస్నా 172 లాంటి చిన్న విమానంలో పైలట్ పట్టుకునే యోక్ (స్టీరింగ్ లాంటిది) నుంచి, ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక రెక్క ఎలివేటర్ దాకా ఉక్కు తీగలుంటాయి. ఎలివేటర్‌ని గాలి నెట్టే నెట్టుడు ఆ తీగల వెంట చేతికి వస్తుంది. వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగు రెట్లు, యోక్ బిగుస్తుంది. వేగం మరీ పడిపోతే వదులైపోతుంది. విమానం జారబోతోందని చేతికే తెలుస్తుంది. ఆటల కోసం బజార్లో దొరికే మామూలు యోక్‌లో ఉండేది స్ప్రింగ్ ఒక్కటే. ఆటలో విమానం నేల మీదున్నా ఆకాశంలో ఉన్నా చేతికి తగిలే బరువు మారదు. వేగాన్ని బట్టి ఆ బరువుని మార్చడానికే మోటార్. ఎప్పటికీ విమానం నడపలేకపోయిన మనిషి, కనీసం ఆ బరువైనా చేతికి తగలాలని కోరుకుంటున్నారు.

పని తేలికైంది కాదు. వైపర్ మోటార్‌లో వార్మ్ గేర్ (మర లాంటి గేర్) ఉంటుంది, చేత్తో నెడితే వెనక్కి తిరగదు. మధ్యలో స్ప్రింగ్ పెట్టి ఆ స్ప్రింగ్‌ని మోటార్‌తో జరపాలి, లేదా బెల్టుతో యోక్‌ని కదిపే వేరే మోటార్‌కి మారాలి. అదీ అయ్యాక, యోక్ కదలికని పసిగట్టే సెన్సర్ చెప్పినదానికి మోటార్ కాస్త ఆలస్యంగా కదిలినా యోక్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. మీ అత్తగారి నిద్ర చెడగొడుతున్నది బహుశా ఆ కొట్టుకోవడమే. సరిచేస్తూ కూర్చుంటే టైమ్ తెలియదు.

కాబట్టి దాన్ని పిచ్చి అనకండి. కానీ చీటీ డబ్బు వేరే సంగతి. మీకు చెప్పకుండా పాప ఫీజు తీయడం తప్పు, అది ఏ కోరికతోనూ చెల్లదు. ఈ రెండూ కలిపి ఒకేసారి అడిగితే ఆయన మోటార్‌ని కాపాడుకుంటారు, డబ్బు మాట దాటేస్తారు.

ముందు ఒక ఆదివారం పొద్దున మీరే ఆ కుర్చీలో కూర్చోండి. "ఎలా ఉంటుందో చూపించండి" అనండి. మీకోసం మోటార్ బలం బాగా తగ్గించమనండి. మోటార్లకి కరెంట్ వెంటనే ఆపే స్విచ్ చేతికి అందేలా ఉందా అని అడగండి. లేకపోతే అది పెట్టేదాకా పాపని ఆ గదిలోకి రానివ్వొద్దు. తిరిగే గేర్లో చిన్న వేలు పడితే నలిగిపోతుంది. ఈ విషయంలో మొహమాటపడకండి. రాత్రి పదికి మోటార్లు ఆగాలని కూడా అప్పుడే చెప్పండి. పది తర్వాత ప్రోగ్రామ్ రాసుకోవచ్చు, దానికి చప్పుడు ఉండదు.

డబ్బు మాట ఇంకో రోజు, అత్తగారు లేనప్పుడు ఎత్తండి. 38 వేలు నెలకి ఎంత చొప్పున తిరిగి కడతారో, ఏ తేదీకి ఇస్తారో మీవారి చేతే వంటింటి క్యాలెండర్ మీద రాయించండి.