తొంభై టెస్టుల ప్యాకేజీ నాకు అవసరమా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 48. మాది కరీంనగర్. థైరాయిడ్‌కి రోజూ మాత్ర వేసుకుంటాను, అంతకుమించి ఇబ్బందేమీ లేదు. మా అమ్మకు షుగర్ ఉండేది. బెంగళూరులో ఉండే మా అబ్బాయి 90 టెస్టుల ఫుల్ బాడీ చెకప్ బుక్ చేస్తానంటున్నాడు. నేనెప్పుడూ చేయించుకోలేదు. ఏమేం చేస్తారు? ఎలా సిద్ధం కావాలి? ఏ జబ్బు బయటపడుతుందోనని టెన్షన్‌గా ఉంది.
- ఓ పాఠకురాలు

జవాబు: చెకప్ చేయించుకోవాల్సిన వయసేనమ్మా మీది. కానీ ఆ 90 అంకె చూసి ప్యాకేజీ గొప్పదనుకోకండి. రక్తకణాలను లెక్కించే సీబీపీ అనే ఒక్క రక్తపరీక్షలోనే ఇరవై దాకా అంకెలు వస్తాయి. వాటిని విడివిడిగా లెక్కేసి 90 చేస్తారు. మీ వయసులో తప్పక చేయించాల్సిన రెండు మాత్రం ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లేవాళ్లు చేయలేరు. ఒకటి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ముందే పట్టే పాప్ స్మియర్ లేదా హెచ్‌పీవీ పరీక్ష, రెండోది రొమ్ము పరీక్ష. వీటికి గైనకాలజిస్ట్ దగ్గరకు వెళ్లాలి. పాప్ స్మియర్ ఐదు నిమిషాల పని, కాస్త ఇబ్బందిగా ఉంటుంది తప్ప పెద్దగా నొప్పి ఉండదు. పీరియడ్స్ లేని రోజుల్లో వెళ్లండి.

రక్తంలో మీకు కావాల్సినవి కొన్నే: సీబీపీ, ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ (షుగర్ సగటు), కొలెస్ట్రాల్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్). వీటితోపాటు మూత్రపరీక్ష. క్యాన్సర్ మార్కర్లని సీఏ-125 లాంటివి కలిపి అమ్ముతుంటారు, ఏ లక్షణమూ లేనివాళ్లకు అవి వద్దు. గర్భాశయంలో ఫైబ్రాయిడ్లనే మామూలు గడ్డలున్నా, పీరియడ్స్‌లో ఉన్నా సీఏ-125 పెరగొచ్చు. ఆ కాగితం పట్టుకుని స్కానింగుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ముందు రాత్రి తొమ్మిదింటికల్లా భోజనం ముగించి, పొద్దున ఏడున్నర, ఎనిమిదికి రక్తం ఇస్తే చాలు. మంచినీళ్లు తాగొచ్చు. కాఫీ, టీలు చక్కెర లేకుండా కూడా వద్దు. థైరాయిడ్ మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, వాటివల్ల థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. చెకప్ ఉందని వారం ముందునుంచీ స్వీట్లు, అన్నం మానేసేవాళ్లను చూస్తుంటాను. ఫాస్టింగ్ షుగర్ కాస్త తగ్గొచ్చేమో గానీ, హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటు, దాన్ని ఏమార్చలేరు. షుగర్ ఎంతుందో తెలుసుకోవడానికే కదా ఈ పరీక్ష, మామూలుగా తినండి.

బీపీ చూసేముందు ఐదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోండి. మెట్లెక్కి వచ్చిన ఆయాసంలో చూస్తే ఎక్కువే చూపిస్తుంది. భయంతోనూ పెరుగుతుంది కాబట్టి ఒక్కసారి 140/90 దాటితే బీపీ వచ్చేసినట్టు కాదు, మరో రోజు మళ్లీ చూపించుకోవాలి. నడుము చుట్టుకొలత తీసుకోకపోతే మీరే అడగండి. మన ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే షుగర్ ముప్పు ఎక్కువ, పైగా మీ అమ్మగారికి షుగర్ ఉందన్నారు.

ఇక రిపోర్టు. ఆరోగ్యంగా ఉన్న వందమందిలో 95 మంది అంకెలు ఎక్కడ పడతాయో దాన్నే సాధారణంగా నార్మల్ రేంజ్‌గా పెడతారు. అంటే ఏ జబ్బూ లేని ఐదుగురు ఎప్పుడూ దాని బయటే ఉంటారు. అలాంటి అంకెలు తొంభై చూస్తే నాలుగైదు బోల్డ్‌లో కనిపించడం మామూలే. రాత్రి రిపోర్టు ఫోన్‌కి రాగానే గూగుల్ చేయకండి, డాక్టర్‌కి చూపించండి. మీరు పట్టించుకోవాల్సింది షుగర్: ఫాస్టింగ్ 100 లోపు మంచిది, 100-125 అయితే ప్రీ డయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు దశ, 126 లేదా ఆపైన ఉంటే మళ్లీ పరీక్షించి షుగర్ అని నిర్ధారిస్తారు. హెచ్‌బీఏ1సీకి ఆ హద్దులు 5.7, 6.5. పీరియడ్స్ ఎక్కువై రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ కొంచెం ఎక్కువగా రావచ్చు, అందుకే సీబీపీని పక్కన పెట్టుకుని చూడాలి.

అన్నీ బాగుంటే షుగర్, బీపీ ఏడాదికోసారి, పాప్ స్మియర్ మూడేళ్లకోసారి చాలు. థైరాయిడ్ పరీక్ష మీ డాక్టర్ చెప్పినప్పుడు. ఖర్చు సంగతి చూసుకుంటే, 30 దాటినవాళ్లకు బీపీ, షుగర్‌తో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ముందు మీ ఊళ్లోని పీహెచ్‌సీలో అడిగి, మిగిలినవే ల్యాబ్‌లో చేయించుకోవచ్చని మీ అబ్బాయికి చెప్పండి. పాత థైరాయిడ్ రిపోర్టులుంటే వెంట తీసుకెళ్లండి.