బుజ్జమ్మకు, షెడ్డు తెరవకముందే

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. హైదరాబాద్ ఉద్యోగం మానేసి నెల్లూరు ఆటోనగర్‌లో రెండు సీఎన్‌సీ లేతులు (కంప్యూటర్ ప్రోగ్రాముతో నడిచేవి), ఒక వీఎంసీ (నిలువు మిల్లింగ్ మెషిన్) పెడుతున్నావంట, ఒంగోలులో ఇంకో షెడ్డుకి అడ్వాన్స్ కూడా ఇచ్చావంట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నాతోనే మన ఇంట్లో ఈ పని ఆగిపోతుందని అనుకున్నాను. నువ్వు పట్టుకుంటున్నావంటే గుండె నిండిపోయింది. భయం కూడా వేసింది. ఆ భయంతోనే ఇదంతా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. లేతు దగ్గర గ్లౌజులు వద్దు, చున్నీ వద్దు, జుట్టు ముడి వేసుకో. చక్ అంటే జాబుని, అదే కోసే లోహపు ముక్కని, పట్టుకుని తిరిగేది. దాని తాళం దానికే వదిలి చెయ్యి తీయకూడదు. కూలెంట్ కలిపేటప్పుడు నీళ్లలో ఆయిల్ పొయ్యాలి, ఆయిల్‌లో నీళ్లు కాదు. ఇవి నీకు సేల్స్ వాళ్లు కూడా చెబుతారు.

వాళ్లు చెప్పనిది స్పీడ్ సంగతి. కొత్తగా షెడ్డు పెట్టిన ప్రతివాళ్లూ ఈఎంఐ టెన్షన్‌లో ఆర్‌పీఎం, అంటే నిమిషానికి తిరిగే చుట్లు, పెంచుతారు. టేలర్ అనే ఆయన 1907లోనే లెక్క కట్టి చూపించాడు, ఐటీఐలో మా సారు బోర్డు మీద రాసిన ఆ సూత్రం నాకు ఇప్పటికీ నోటికొచ్చు. కార్బైడ్ ఇన్సర్ట్‌కి, అంటే టూల్ చివర బిగించే కోత ముక్కకి, కటింగ్ స్పీడ్ 20 శాతం పెంచావంటే దాని ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుంది. నీకు ఆదా అయ్యేది కోత సమయంలో ఆరో వంతు. ఆ మిగిలింది కాస్తా ఇన్సర్ట్ మార్చడానికీ, మళ్లీ సైజు పట్టుకోవడానికీ సరిపోతుంది. కాబట్టి ముందు డెప్త్ (కోత లోతు) పెంచు, తర్వాత ఫీడ్ (టూల్ ముందుకు జరిగే వేగం), స్పీడ్ అన్నిటికంటే చివర. జాబు ఎక్కించడం, దించడం, కొలవడం, వీటిల్లో ఎన్ని నిమిషాలు పోతున్నాయో ఒక వారం పాటు రాసి చూడు, నీ డబ్బు అక్కడే దొరుకుతుంది. మన వైపు రొయ్యల చెరువుల ఏరేటర్ షాఫ్టులు ఎక్కువగా వస్తాయి, స్టెయిన్‌లెస్ స్టీలు. దాని మీద టూల్‌ని భయపడుతూ సన్నగా రుద్దితే పైపొర గట్టిపడిపోయి తర్వాతి కోతలో ఇన్సర్ట్ అంచు లేచిపోతుంది. టూల్ దిగిందంటే కొయ్యాలి, లేదంటే బయటికి రావాలి, మధ్యలో ఆగకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

పదిహేనేళ్ల కిందట నేను పనిచేసే ఓనరుకి నీలాగే రెండు చోట్ల షెడ్లు ఉండేవి, నెల్లూరులో ఒకటి, ఒంగోలులో ఒకటి. ప్రోగ్రాములు నేనే రాసేవాడిని. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల పాలిషింగ్ మెషిన్లకి పోత ఇనుము ఫ్లాంజ్‌లు ఆర్డరు వచ్చింది, 200 మిల్లీమీటర్ల డయామీటర్, మధ్యలో చిన్న రంధ్రం. ఫేసింగ్‌కి, అంటే ముఖం చదును చేయడానికి, జీ96 పెట్టాను, కోత వేగం ఒకేలా ఉంచే ఆదేశం అది, నిమిషానికి 180 మీటర్లు. అది పెడితే టూల్ లోపలికి వెళ్లేకొద్దీ మెషిన్ తనంతట తానే ఆర్‌పీఎం పెంచుకుంటూ పోతుంది. 200 దగ్గర 286 ఉన్నది 20 దగ్గరికి వచ్చేసరికి 2,865 అవుతుంది. స్పీడ్ పది రెట్లు పెరిగితే చక్ జాలను, అంటే జాబుని పట్టే దవడలను, బయటికి లాగే బలం వంద రెట్లు పెరుగుతుంది. అందుకని జీ50తో పైన ఒక హద్దు పెట్టాలి. కొన్ని కంట్రోలర్లలో అది జీ92. ఆ ఒక్క లైను నేను మర్చిపోయాను.

నెల్లూరులో మొదటి జాబుకే మెషిన్ వణికింది. వెంటనే ఆపి, మెషిన్ మీదే ఎడిట్ చేసి 1,200 హద్దు పెట్టాను. జాబు బాగా వచ్చింది. లాగ్‌బుక్‌లో 'ప్రూవ్ అయింది' అని రాసి సంతకం పెట్టాను. దిద్దిన ప్రోగ్రాముని ఆఫీసు కంప్యూటర్‌లోకి మాత్రం ఎక్కించలేదు. సాయంత్రం చేద్దాం అనుకున్నాను. సాయంత్రం ఇంకో పని పడింది, తర్వాత మర్చిపోయాను. అంటే ఒకే పేరుతో రెండు ప్రోగ్రాములు, మెషిన్‌లో ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి, పైన ఒకే సంతకం.

వారం తర్వాత సగం ఆర్డరు ఒంగోలుకి పంపారు. అక్కడి కుర్రాడికి ఇరవై రెండేళ్లు ఉంటాయి, పెళ్లయి ఆరు నెలలు. ఆఫీసు కంప్యూటర్‌లోది దించుకున్నాడు. ఫ్లాంజ్ పలచగా ఉంది, వంకరపోతుందని చక్ ప్రెషర్ తగ్గించాడు, అందులో వాడి తప్పేమీ లేదు, ఎవరైనా అదే చేస్తారు. టూల్ సగం దాటాక జాబు చక్ వదిలేసింది. తలుపు అద్దం పగలగొట్టుకుని వచ్చి కుడి భుజానికి తగిలింది. కాలర్ ఎముక విరిగింది. ఇంకో జానెడు పైకి తగిలుంటే ఏమయ్యేదో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఆసుపత్రిలో వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "మీ సంతకం చూసే సైకిల్ స్టార్ట్ నొక్కాను సార్" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

అందుకే అమ్మా, నువ్వు రెండు షెడ్ల కంప్యూటర్లూ వాటంతటవే ఒకదాన్ని చూసి ఒకటి సరిచేసుకుంటాయి అని మీ అమ్మతో అన్నావని తెలిసి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ చదువు నీకు నాకంటే వెయ్యి రెట్లు తెలుసు. సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వే కదా చెప్పావు, కనీసం మూడు కంప్యూటర్లు ఉండాలి, రెండు ఒప్పుకుంటేనే మార్పు చెల్లుతుంది అని. మరి నీకున్నవి రెండు షెడ్లే. లైను తెగితే ఎవరికి వాళ్లు అవతలివాడు చచ్చాడు, నేనే పెద్ద అనుకుంటారు. లైను తెగదు అనకు. 2021 నవంబరు మర్చిపోయావా? పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, కోవూరు అవతల హైవే ఆగిపోయింది, నెల్లూరికీ ఒంగోలుకీ మధ్య మనిషే తిరగలేకపోయాడు.

కాబట్టి మూడో కంప్యూటర్ ఎక్కడైనా అద్దెకి పెట్టు, లేదా నెల్లూరే పెద్ద అని తేల్చు. లైను లేనప్పుడు ఒంగోలులో పాత ప్రోగ్రాము నడపొచ్చు గానీ మార్చకూడదు. మార్చక తప్పకపోతే మెషిన్ ఆపెయ్యమను. ఒక పూట పని పోతే పోనీ, నేను రాసిస్తాను ఆ నష్టం.

ఏది కొత్తది అని తేల్చడానికి ఫైలు మీద టైము చూడొద్దు. సీఎన్‌సీ మెషిన్లలో గడియారాలు ఎవరూ సరిచేయరు, నేను చూసిన ఒక మెషిన్ రెండేళ్లు వెనక ఉండేది. ప్రోగ్రాము మొదటి లైనులోనే రివిజన్ నంబరు రాయించు, ఆపరేటర్ స్క్రీన్ మీద చదివి లాగ్‌బుక్‌లో ఆ నంబరు వేశాకే సంతకం. మెషిన్ మీద దిద్దింది ఏదైనా షిఫ్టు దిగేలోపు పైకి ఎక్కాలి.

ఇంకోటి, ఇది సాఫ్ట్‌వేర్ వాళ్లు పొరపాటు పడే చోటు. ప్రోగ్రాములు పంచుకో, ఆఫ్‌సెట్లు పంచుకోకు. టూల్ ఆఫ్‌సెట్ (టూల్ కొలత), జీ54 (జాబు ఎక్కడుందో చెప్పే సున్నా చోటు) అనేవి ఆ మెషిన్‌వి, ఆ రోజు అందులో బిగించిన టూల్‌వి. నెల్లూరు ఆఫ్‌సెట్ వెళ్లి ఒంగోలు మెషిన్‌లో కూర్చుందంటే టూల్ నేరుగా చక్‌లోకి దిగుతుంది. వాటిని బ్యాకప్ తీసుకో, కానీ ఏ మెషిన్‌ది ఆ మెషిన్ పేరుతోనే ఉండాలి. పారామీటర్లు (మెషిన్ సెట్టింగులు) కూడా దింపి పెట్టుకో. మెమరీ బ్యాటరీ వీక్ అని హెచ్చరిక వస్తే మెషిన్ ఆన్‌లో ఉండగానే మార్చించు, ఆఫ్ చేసి బ్యాటరీ తీస్తే చాలా కంట్రోలర్లలో పారామీటర్లన్నీ పోతాయి. ఆ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించు. నువ్వు ప్యానెల్‌లో చెయ్యి పెట్టకు, చిన్నప్పుడు ఇంట్లో స్విచ్‌బోర్డు విప్పినందుకు నా చేత దెబ్బ తిన్నావు గుర్తుందా, ఆ దెబ్బకి నేను ఇప్పటికీ బాధపడతాను గానీ మాట మాత్రం అదే.

తిండి మానేసి షెడ్డులో కూర్చోకు. మీ అత్తయ్య రోజూ క్యారియర్ పంపుతానంటోంది.

ఒంగోలు షెడ్డుకి సెట్టర్, అంటే టూల్స్ బిగించి మెషిన్ సిద్ధం చేసేవాడు, దొరకలేదని విన్నాను. దెబ్బ తగిలిన ఆ కుర్రాడు ఇప్పుడు ఒంగోలులోనే సెట్టర్‌గా చేస్తున్నాడు, మంచి పనివాడని అందరూ అంటారు. ఏ ప్రోగ్రాము వచ్చినా మొదట జీ50 లైను వెతికి, వేలితో చూపించి, ఆ తర్వాతే నడుపుతాడంట. నెల్లూరులో నీతో పనిచేయబోయే ఆ ముసలి టర్నర్ దగ్గర అతని నంబరు ఉంది. వెళ్లి నువ్వే అడుగు. అడగడానికి నాకు మొహం చాలడం లేదు. వస్తానంటే మాత్రం నాకు ఒక ఫోన్ చెయ్యి.

మీ మామయ్య