శుభలేఖకు మూడు డాలర్లా?

ప్రశ్న: అక్కా, మావారు హెచ్1 ఉద్యోగ వీసా మీద ఉన్నారు. నేను ఆయన భార్యగా హెచ్4 వీసా మీద డాలస్ వచ్చి ఎనిమిది నెలలైంది. ఖాళీగా కూర్చోలేక చేత్తో శుభలేఖలు చేయడం మొదలుపెట్టాను. మావారి ఆఫీసులో ఒకాయన వాళ్లమ్మాయి పెళ్లికి వంద కార్డులు చేసిపెట్టమన్నారు. కార్డుకు మూడు డాలర్లు ఇస్తారట. తెలిసినవాళ్లు కదా, ఎక్కువ చెబితే ఏమనుకుంటారోనని మొహమాటంగా ఉంది. ఎంత చెప్పమంటారు?

జవాబు: ధర సంగతి తర్వాత చెల్లీ, ముందు నీకు ఈఏడీ, అదే వర్క్ పర్మిట్ కార్డు, వచ్చిందా? ఆ మాటే రాయలేదు నువ్వు. అది లేకుండా హెచ్4 మీద ఉన్నవాళ్లు మూడు డాలర్లకే కాదు, మూడు సెంట్లకు కూడా పని చేయకూడదు. డబ్బు ఇక్కడి బ్యాంకు ఖాతాలో జెల్ ద్వారా కాకుండా ఊళ్లో అమ్మ ఖాతాలో రూపాయల్లో వేయించుకుంటే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకు. నువ్వు ఇక్కడ కూర్చుని చేస్తే అది ఇక్కడి పనే. మావారి పేరు మీద పెడతామంటావేమో, ఆయన హెచ్1 ఆ కంపెనీలో ఉద్యోగానికే. మేనకోడలి పెళ్లికి ముచ్చటపడి ఊరికే చేసివ్వడం వేరు, ఆర్డరు పుచ్చుకోవడం వేరు.

మీవారి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉంటే, లేదా ఆరేళ్లు దాటాక హెచ్1 పొడిగింపు మీద ఉంటే, నువ్వు ఈఏడీకి అప్లై చేసుకోవచ్చు. 2015 నుంచి ఉన్న వీలు ఇది. కార్డు చేతికొచ్చాక సొంత వ్యాపారం కూడా పెట్టుకోవచ్చు. అయితే 2025 అక్టోబరు 30 నుంచి వేసిన రెన్యువల్ అప్లికేషన్లకు పాత కార్డు గడువు దానంతటది పొడిగింపు కావడం లేదు. పెళ్లి ఆర్డర్లు ఆరేడు నెలల ముందే వస్తాయి. కార్డు గడువు జూన్‌లో ముగుస్తుంటే ఆగస్టు పెళ్లికి అడ్వాన్సు పుచ్చుకునే ముందు కాస్త ఆలోచించు. మీ కేసు వివరాలతో ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడిగితే నిశ్చింత.

ఇక ధర. ఈఏడీ వచ్చేలోపు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకుండా చేయగలిగిన పని ఒకటుంది. ఒక పది కార్డులు చేసుకో, వంటింట్లో టైమర్ పక్కన పెట్టుకుని. మొదటి కార్డు టైము లెక్కలోకి తీసుకోకు, పదో కార్డు టైమూ తీసుకోకు. మొదటిది తడబాటు, పదోది ఎలాగైనా ముగించాలన్న తొందర. మధ్యలో ఎనిమిదింటి సగటు చూడు. నాకు పదకొండు నిమిషాలు వచ్చింది. కోసి, మడిచి, లోపలి కాగితం అతికించడానికి నాలుగు, బంగారు రంగుతో మామిడి తోరణం వేయడానికి అయిదు, రిబ్బను కట్టి కవరులో పెట్టడానికి రెండు. నాలుగు మూలలా పసుపు అద్దడం అందులో కలపలేదు, అది పెళ్లివాళ్లే చేసుకోవాలి.

పదకొండు నిమిషాలంటే వంద కార్డులకు పద్దెనిమిది గంటల పైమాట. డిజైను, మూడుసార్లు మార్పులు, రాత్రి పదింటికి పెళ్లికూతురి అమ్మగారి ఫోన్లు, ఇవన్నీ కలిపితే తక్కువలో తక్కువ ఏడు గంటలు. కాగితం కొనడానికి, ప్యాకింగుకు రెండున్నర. మొత్తం ఇరవై ఎనిమిది గంటలనుకో. కార్డ్‌స్టాక్ (మందపాటి కాగితం), కవరు, వెల్లమ్ (పారదర్శకంగా ఉండే పల్చటి కాగితం), రిబ్బను, రంగు కలిపి కార్డుకు రెండు డాలర్ల పది సెంట్లు అవుతాయనుకో. పాడైపోయేవి పది కలుపుకుంటే నూట పదింటికి 231 డాలర్లు. ఇప్పుడు ఆయన చెప్పిన మూడు డాలర్ల లెక్క చూడు: చేతికి 300, సామాను పోగా మిగిలేది 69. దాన్ని ఇరవై ఎనిమిదితో భాగిస్తే గంటకు రెండున్నర డాలర్లు కూడా రావు. టెక్సస్‌లో కనీస వేతనం 7.25. నిన్ను నువ్వే కూలికి పెట్టుకుని కూలి ఎగ్గొట్టినట్టు.

నేనైతే గంటకు 22 వేసుకుంటాను. 28 గంటలకు 616, సామాను 231, కట్టర్ బ్లేళ్లు, ప్రింటర్ ఇంకు, వెబ్‌సైటు ఖర్చుల వాటాగా ఒక 60. మొత్తం 907. దీని మీద పదిహేను శాతం లాభం. కూలి వేరు, లాభం వేరు. కూలి నీది, లాభం వ్యాపారానిది, రేపు కట్టర్ పాడైతే కొనేది దాంతోనే. అలా 1,043 వస్తుంది, అంటే కార్డుకు పదిన్నర. నోరెళ్లబెట్టకు, చేతిపని ధర ఇలాగే ఉంటుంది.

యాభై కార్డులడిగితే సగం చెప్పేవు! డిజైనూ ఫోన్లూ మార్పులూ యాభైకైనా అంతే. పై లెక్కనే వేస్తే దాదాపు 674, కార్డుకు పదమూడున్నర. అందుకే డిజైనుకు విడిగా ఒక మొత్తం, ఆ తర్వాత కార్డుకు ఇంత అని చెప్పడం మేలు. రెండు మార్పుల వరకు ఉచితం, మూడో దాని నుంచి చార్జీ అని ముందే చెప్పు. అప్పుడు చూడు, మార్పులు వాటంతటవే తగ్గుతాయి.

"హైదరాబాద్ ఛత్తాబజార్‌లో ముప్పై రూపాయలకే ఇంతకన్నా బాగా చేసిస్తారు" అనేవాళ్లు తప్పకుండా తగులుతారు. వాదించకు. అక్కడ వేలల్లో అచ్చు వేస్తారు, ఆ ధరకు మనం పోటీ కాదు, కానక్కర్లేదు. కాకపోతే కొరియరు ఖర్చుతో పాటు, 800 డాలర్ల లోపు పార్సిళ్లకు సుంకం లేని వెసులుబాటు 2025 ఆగస్టు 29 నుంచి పోయిందన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకోమను. అయినా చవకే అయితే అక్కడే చేయించుకోమని మనస్ఫూర్తిగా చెప్పు.

వందా చేత్తోనే ఎందుకు చేయాలని కూడా అడుగు. మనవాళ్లు అతిథుల లెక్క చెబుతారు, శుభలేఖ కావాల్సింది ఇంటికొకటి. నాలుగొందల మంది పెళ్లికి నూట ముప్పై సరిపోవచ్చు. అందులో తిరుమల స్వామికి పంపేది, తాతమ్మలకు, మేనమామలకు, వియ్యాలవారికి ఇచ్చేవి కలిపి ఒక పాతిక చేతిపని, మిగతావి అదే డిజైనుతో ప్రింటు, ఆఫీసువాళ్లకు వాట్సాప్. నాకు నిలబడ్డ ఆర్డర్లలో ఎక్కువ ఇలాంటివే.

నేను నష్టపోయిన సంగతి కూడా చెబుతాను. 2014లో ఒక ఆర్డరు, నూట నలభై కార్డులు. ముహూర్తం గుంటూరు సిద్ధాంతిగారు పెట్టారు, పెళ్లి ఇక్కడ. వాళ్లు పంపిన ఇంగ్లీషు కాగితంలో ఉదయం 9.42 అని ఉంది, తెలుగు కాగితంలో రాత్రి 8.12 అని. రెండూ ఒకటే ముహూర్తం, రెండోది ఇండియా టైము. నేను రెండింటినీ ఉన్నదున్నట్టు దింపేశాను. పెళ్లికొడుకు వాళ్ల మామ్మగారు కార్డు చదివి, "రాత్రి పెళ్లయితే పొద్దున్నే రమ్మంటారేమిటే" అని ఫోన్ చేసేదాకా ఎవరమూ గమనించలేదు. రెండు రాత్రులు కూర్చుని నూట నలభై రిబ్బన్లు విప్పి, లోపలి కాగితాలు మార్చి, మళ్లీ కట్టాను, నా ఖర్చుతో. అప్పటి నుంచి ఫైనల్ ప్రూఫ్ మీద "పేర్లు, తిథి, టైము, హాలు చూసుకున్నాం, ఓకే" అని వాళ్లు మెయిల్ పెడితే తప్ప కాగితం కోయను. సగం డబ్బు కూడా అప్పుడే, వెనక్కివ్వని అడ్వాన్సుగా. ప్రూఫు ఫోనులో కాకుండా ప్రింటు తీసి చూడు. ఇలస్ట్రేటర్ అనే డిజైను సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టకపోతే తెలుగు ఒత్తులు విడిపోతాయి. "లక్ష్మి" చీలిపోయి అచ్చయితే ఆ తిట్లు నీకే.

పోస్టు గురించి ఒక్క మాట. చదరపు కవరు అందంగా ఉంటుంది, కానీ మెషీన్లో పోదని పోస్టాఫీసువాళ్లు అదనంగా తీసుకుంటారు. లక్క ముద్ర, రిబ్బను ముడి, పసుపు కుంకుమ పొట్లం వల్ల ఎత్తుపల్లాలు వచ్చినా అంతే. పావు అంగుళం దాటితే ఇక ఉత్తరం రేటు వర్తించదు. పూర్తిగా తయారైన కార్డు ఒకటి పోస్టాఫీసులో తూయించి, ఆ స్టాంపు ఖర్చు కొటేషన్‌లోనే రాసివ్వు.

పన్నులు కూడా ధరలో మింగేయకు. టెక్సస్‌లో సేల్స్ ట్యాక్స్ రాష్ట్రానిది 6.25 శాతం, ఊరిది కలిపితే 8.25 దాకా. ఆ ట్యాక్స్ వసూలు చేయడానికి తీసుకోవాల్సిన పర్మిట్ ఉచితం. అది వచ్చాక రీసేల్ సర్టిఫికెట్ ఇచ్చి కాగితం పన్ను లేకుండా కొనుక్కోవచ్చు. ఏడాదికి నికర ఆదాయం 400 డాలర్లు చేరితే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ కట్టాలి, దాదాపు 15.3 శాతం. గంటకు 22 అన్నది ఇవన్నీ కట్టకముందు లెక్క. చేతిపని వస్తువులు అమ్మే ఎట్సీ వెబ్‌సైటులో అమ్మితే ఆర్డరు మీద 6.5 శాతం, పైన పేమెంటు చార్జీలు. ఆ ధర వేరే వేసుకో.

ఇక ఆ ఆఫీసాయనకు ఏం చెప్పాలా అని కదా. ఈఏడీ లేకపోతే ఇలా మెసేజ్ పెట్టు: "అన్నయ్యగారూ, వర్క్ పర్మిట్ రాకుండా డబ్బు తీసుకుని చేయడానికి వీల్లేదండీ, ఏమీ అనుకోవద్దు." ఈఏడీ ఉంటే: "వంద కార్డులు చేతిపనితో 1,043 డాలర్లు, పన్ను, పోస్టేజీ అదనం. పాతిక చేతిపనితో చేసి మిగతావి ప్రింటు వేస్తే ఎంతవుతుందో రేపు చెబుతాను. శాంపిలు తెస్తాను, వదినగారికి చూపించండి." అది పంపి ఫోను పక్కన పెట్టెయ్. వాళ్ల జవాబు వచ్చేలోపు నీ అంతట నువ్వే తగ్గించి ఇంకో మెసేజ్ మాత్రం పెట్టకు.